జానెడు గోడ

మార్చి 4, సోమవారం

తాళంచెవులు ఇచ్చారు. మూడున్నాయి. మూడోది ఇంట్లో ఏ తలుపుకీ పట్టలేదు. ఈయన దాన్ని కిటికీలోంచి బయటికి విసిరేసి, "దేనికీ పనికిరానివి ఇంట్లో పెట్టుకోకూడదు" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం.

మా ఇల్లు. రాసి చూసుకుంటే ఎలా ఉంటుందోనని రాశాను. బాగుంది.

నలభై ఏళ్ళ నాటిది. వంటగదిలో నాచురంగు టైల్సు, వాటి సందుల్లో నల్లబడిన జిడ్డు. స్నానాలగది దీపం స్విచ్చి హాల్లో ఉంది. లోపల మనిషి ఉండగానే బయటి నుంచి చీకటి చేసేయొచ్చు. నేను లోపల ఉన్నప్పుడు ఈయన అదే చేశారు. మొదట నవ్వాను. తర్వాత వెయ్యమన్నాను. తర్వాత అరిచాను. అప్పుడు వేశారు. సరదాకే.

హాలుకీ వంటగదికీ మధ్య గోడ, ఆ గోడకి ఊచలున్న కిటికీ. ఇంటి మధ్యలో ఊచల కిటికీ ఏమిటో! గిన్నెలు అందించుకోవడానికి పెట్టుకుని ఉంటారన్నాను. "అన్నిటికన్నా ముందు ఈ గోడ పోవాలి" అన్నారు ఈయన. హాలూ వంటగదీ కలిసిపోతే తలుపు తియ్యగానే వెలుతురు కనిపిస్తుంది. నాకూ నచ్చింది.

మార్చి 10, ఆదివారం

ప్లాన్ నేనే గీస్తానన్నాను. ఈయన వెంటనే సరేనన్నారు. అంత తొందరగా ఒప్పుకుంటారనుకోలేదు.

ఐదేళ్ళుగా ఆఫీసులో ఇంకొకరు గీకి పడేసినవి శుభ్రంగా గీసిపెట్టడమే నా పని. ప్రతి కాగితానికీ కుడివైపు కింది మూల రెండు గళ్ళుంటాయి. 'గీసినవారు' అన్న గడిలో నా పొడి అక్షరాలు. 'ఆమోదించినవారు' అన్న గడిలో ఎప్పుడూ వేరేవాళ్ళ సంతకం. మే నెలలో మా విభాగంలో ఒకరికి సంతకం పెట్టే హక్కు ఇస్తారు. నాకో, నా పక్క కుర్చీలో కూర్చునే అతనికో. తేల్చేది చీఫ్ ఇంజనీరు. ఆఫీసంతా ఆయన్ని పెద్దాయన అంటుంది.

"మన ఇంటి ప్లానే పెద్దాయనకి చూపించు" అన్నారు ఈయన. ఈయన అదే ఆఫీసులో పై అంతస్తు ఇంజనీరు. "మీ ఇంట్లో బడి గడప తొక్కినదానివి నువ్వొక్కదానివే కదా. గీతలు దిద్దడం కాదు, సొంతంగా ఆలోచించడం కూడా వచ్చని జనం నమ్మాలి."

నా మంచికే అన్నారు.

ఇల్లు అమ్మినవాళ్ళు పాత ప్లాన్ ఇచ్చారు. మడతల దగ్గర చిరిగిన నీలం కాగితం. దాని మీద పెట్టి గీసుకున్నాను. మధ్య గోడ రెండు సన్నటి గీతలు, నాలుగున్నర అంగుళాలు. అడ్డుగోడ అన్నమాట, ఏ బరువూ మొయ్యదు. దాన్ని చుక్కల గీతగా మార్చాను. చుక్కల గీత అంటే తీసెయ్యాల్సింది.

వెళ్ళి టేపుతో కొలవనా అన్నాను. కాగితం చేతిలో ఉండగా టేపెందుకు అన్నారు ఈయన. నిజమే కదా.

మార్చి 17, ఆదివారం

నాన్న ఇల్లు చూడ్డానికి వచ్చాడు. పని నాన్నే చేస్తానన్నాడు. ఊళ్ళో నలభై మంది తాపీ మేస్త్రీలున్నా కూతురి ఇంటికి ఇంకొకడి తాపీ తగలకూడదట. వెంట పొడుగు బాబాయి కూడా వచ్చాడు. బాబాయి మాకు చుట్టం కాదు, నేను పుట్టకముందు నుంచీ నాన్న జట్టు. నిచ్చెన అక్కర్లేని మనిషి.

గుమ్మంలోనే అన్నాడు నాన్న, "ఏమే పలకా, ఇంత ఇల్లు కొనేశావా!" అని.

నా చిన్నప్పుడు పనిలోకి వెళ్తూ వెంట తీసుకెళ్ళేవాడు. ఇటుకల మీద కూర్చుని పలక పట్టుకుని ఉండేదాన్నని ఆ పేరు. ఈయన ముందు అలా పిలవొద్దని ఎన్నిసార్లు చెప్పానో.

నాన్న తాపీ పిడితో ప్రతి గోడనీ తట్టుకుంటూ పోయాడు. చెవి పెట్టి వింటాడు. మధ్య గోడ దగ్గర ఆగాడు. మళ్ళీ తట్టాడు. కిటికీ అంచు మీద కుడిచెయ్యి బార్లా పరిచాడు, బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా.

"జానెడు" అన్నాడు. "ఇది అడ్డుగోడ కాదే పలకా. ఒకప్పుడు ఇంటికి ఇదే బయటి గోడ. అందుకే ఊచల కిటికీ. వంటిల్లు తర్వాత అతికించారు. పైన శ్లాబు దీని మీదే కూర్చుంది."

"మీ అమ్మాయి ప్లాన్‌లో నాలుగున్నర ఉంది మామయ్యా" అన్నారు ఈయన.

"నా జాన తొమ్మిది అంగుళాలు అల్లుడుగారూ. టేపు మర్చిపోయి వచ్చిన రోజులున్నాయి గానీ, చెయ్యి ఇంట్లో పెట్టి వచ్చిన రోజు లేదు."

బాబాయి పకపకా నవ్వాడు. ఈయన కూడా నవ్వారు. నవ్వుతూనే అన్నారు, "మరి ఇన్నేళ్ళ చదువు దేనికి మామయ్యా? అందరం చేతులు చాపుకుని తిరిగితే సరిపోయేది."

నాన్న చెయ్యి తీసేశాడు.

టేపు నా సంచిలోనే ఉంది. తియ్యలేదు. తీసి కొలిస్తే, నాన్న మాట తప్పయితే, వాళ్ళ ముందు చిన్నబోతాడు.

మార్చి 18, సోమవారం

నిన్నటి నుంచీ ఒకటే గుర్తొస్తోంది.

నాకు ఏడేళ్ళు. నాన్న ఒక మేడకి మెట్లు కడుతున్నాడు. ఈ లెక్కన కడితే పైమెట్టు దగ్గర తల తగులుతుందండీ అని అక్కడి ఇంజనీరుతో అన్నాడు. ఆయన చుట్టచుట్టిన కాగితంతో నాన్న చెంప మీద కొట్టాడు. గట్టిగా కాదు. ఈగని కొట్టినట్టు. "సంతకం ఉన్న కాగితం మీద నోరెత్తకు" అన్నాడు. నాన్న మెట్లు అలాగే కట్టాడు. మర్నాడు నన్ను బళ్ళో వేశాడు.

అప్పటి నుంచీ నాన్నకి ఒకటే సూత్రం. సంతకం లేని కాగితమైతే వాదిస్తాడు, అలుగుతాడు, తాపీ కింద పడేస్తాడు. సంతకం ఉంటే మాట్లాడడు.

ఆ మేడ ఇప్పటికీ ఉంది. తలలు ఇప్పటికీ తగులుతాయి.

మార్చి 23, శనివారం

పని మొదలైంది. స్నానాలగది అయిపోయింది. స్విచ్చి లోపలికి మార్పించాను.

మధ్యాహ్నం చెప్పకుండా పెద్దాయన వచ్చారు. ఇటువైపు ఏదో పని ఉండి, మీ ప్లాన్ ఎంతవరకు వచ్చిందో చూద్దామని దిగానన్నారు. నాన్న అప్పుడే టైల్సు ఊడగొడుతున్నాడు. తలా కనుబొమలూ తెల్లగా, బనీను చంకలో చిరిగి ఉంది. కూర్చోండి సార్ అని కుర్చీ తుడుస్తున్నాను. పెద్దాయన నాన్న వైపు చూసి, "ఎవరు ఈయన?" అని అడిగారు.

ఈయన నా వైపు చూశారు. నన్ను చెప్పనిచ్చారు.

"మా మేస్త్రీ" అన్నాను.

అబద్ధం కాదు. మేస్త్రీయే కదా.

నాన్న లేచి నిలబడి చేతులు తుడుచుకున్నాడు. "అవునండయ్యా. అమ్మగారికి పని నచ్చితే చాలు" అన్నాడు.

పెద్దాయన ప్లాన్ చూశారు. చుక్కల గీత మీద వేలు పెట్టి, "ఇది పడగొట్టాక ఒకసారి వస్తాను. పడగొట్టిన చోట తెలుస్తుంది మనిషి పనితనం" అన్నారు. ఆ మాట అన్నది నాతో. నాన్నతో కాదు.

మార్చి 24, ఆదివారం

నాన్న ఇవాళంతా నన్ను అమ్మగారూ అనే పిలిచాడు. "అమ్మగారూ, ఇక్కడ గచ్చు తీసెయ్యమంటారా? అమ్మగారూ, మంచినీళ్ళు దొరుకుతాయా?" బాబాయి పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను కూడా నవ్వాను.

మార్చి 28, గురువారం

ఇవాళ ఎవరూ లేరు. నేనూ నాన్నే. అయినా అమ్మగారూ అన్నాడు.

ఏప్రిల్ 6, శనివారం

జరిగింది జరిగినట్టు రాసుకోవాలి. తర్వాత ఎవరైనా అడిగితే తడుముకోకుండా ఉండాలి.

సోమవారం పొద్దున గోడ పడగొట్టాలి. సాయంత్రం పెద్దాయన వస్తారు. బుధవారం అలమారాలు వస్తాయి. ఇదంతా వారం ముందే అనుకున్నది.

నాన్న సమ్మెట గోడకి ఆనించి, "రెండు ఇనప జాకీలు తెప్పించండి బాబూ" అన్నాడు ఈయనతో. "శ్లాబు కింద నిలబెట్టి, పైన ఇనప దూలం ఎక్కించుకుని, అప్పుడు గోడ దించుకుందాం. మూడు రోజులు ఎక్కువవుతుంది. అంతే."

"జాకీలు నిలబెడితే పెద్దాయన ఏమనుకుంటారు?" అన్నారు ఈయన. అడిగింది నాన్నని కాదు, నన్ను. "మోసే గోడకే కదా జాకీలు పెడతారు. ప్లాన్‌లో అడ్డుగోడ అని గీశావు. సంతకం హక్కు కావాలనేదానివి నీ సొంత ఇంటి గోడ ఎలాంటిదో నీకే తెలియదంటావా?"

"ఇది మోసే గోడే బాబూ" అన్నాడు నాన్న.

"మీకెలా తెలుసు?"

"చెయ్యి పెట్టి చూశాను."

ఈయన నా వైపు చూసి చిన్నగా నవ్వారు. ఆ నవ్వు నాకు తెలుసు. వీళ్ళ ఇంట్లో మొదటిసారి అందరి మధ్యా కూర్చుని నేనేదో పదం తప్పు పలికినప్పుడు అందరూ నవ్విన నవ్వు.

"నాన్నా, కాగితంలో నాలుగున్నర ఉంది" అన్నాను.

"కాగితం గీసినవాడు వంటిల్లు అతికించాక గీశాడేమో. కొలవకుండానే ఇది అడ్డుగోడ అనుకున్నాడేమో."

"గీసింది నేను."

"నువ్వు గీసింది వాడు గీసినదాని మీద పెట్టి కదమ్మా."

పొడుగు బాబాయి అటు తిరిగి ముఖం తుడుచుకున్నాడు, నవ్వు కనిపించకుండా. ఈయన గోడకి ఆనుకుని చేతులు కట్టుకున్నారు, నాటకం చూస్తున్నట్టు.

నేను ప్లాన్ తెచ్చాను. పెన్ను తీశాను. 'ఆమోదించినవారు' గడిలో నా పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టాను. కింద ఒక గీత కూడా గీశాను. నా జీవితంలో ఆ గడిలో పెట్టిన మొదటి సంతకం. ఆ కాగితం నాన్న ముందు పట్టుకుని, "ఇప్పుడు?" అన్నాను.

ఆ ఒక్క మాటే అన్నాను. ఇంకేమీ అనలేదు.

నాన్న సంతకం వైపు చాలాసేపు చూశాడు. అక్షరాలు రావు కదా, బొమ్మని చూసినట్టు చూశాడు. ముఖంలో కోపం లేదు. అదే నాకు అర్థం కాలేదు. "చూశావురా" అన్నాడు బాబాయితో, "మన పలక సంతకం పెట్టింది." వేలికొసలు పంచెకి తుడుచుకుని మరీ కాగితం అందుకున్నాడు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"జాకీలు కాగితంలో ఉన్నాయా అమ్మా?"

"లేవు."

"అయితే వద్దు."

నేను జాకీలు వద్దనలేదు. కాగితంలో లేవన్నాను.

ఏప్రిల్ 7, ఆదివారం

అలమారాల రంగు తెలుపే ఖాయం చేశాం. మాసిపోతుందన్నాను గానీ, హుందాగా ఉంటుందన్నారు ఈయన.

ఏప్రిల్ 8, సోమవారం

పదకొండింటికి ఆఫీసుకి బాబాయి ఫోన్.

ఏప్రిల్ 9, మంగళవారం

కుడిచెయ్యి. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరంవేలు తీసేశారు. బొటనవేలు ఉంది గానీ కదలదు. చిటికెనవేలు బాగానే ఉందన్నాడు డాక్టరు, శుభవార్త చెబుతున్నట్టు.

నాన్న బట్టలు సంచిలో పెట్టి నర్సు నాకిచ్చింది. అమ్మ అక్కడే ఉన్నా నాకే ఇచ్చింది. చదువుకున్నదానిలా కనిపిస్తాను కదా, కాగితాలూ సంచులూ అన్నీ నాకే ఇస్తారు.

చొక్కా జేబులో ప్లాన్ అలాగే ఉంది. నాలుగు మడతలూ విప్పలేదు.

ఏప్రిల్ 11, గురువారం

బాబాయి చెబితే రాస్తున్నాను.

పైవరస నుంచి ఒక్కొక్క ఇటుకా తీసుకుంటూ వచ్చారట. కిటికీ పైదాకా వచ్చాక నాన్న ఆగి, "నువ్వు బయట ఉండు. కంకర లెక్క చూసుకో" అన్నాడట. కంకర ఏముంది చూడ్డానికి, కుప్పగా అక్కడే ఉంది అన్నాడట బాబాయి. "చెప్పింది చెయ్యరా" అని కసిరాడట. ఆ తర్వాత ఒక్కడే లోపల ఉన్నాడు. పైన ఏదో పలికింది అన్నాడు బాబాయి, పలికింది అనే అన్నాడు. పరుగెత్తి వెళ్ళేసరికి నాన్న పాత గుమ్మం దుంగ ఎత్తి శ్లాబు అంచు కింద ఆనిస్తున్నాడట. "పారిపోవచ్చు కదమ్మా. గుమ్మం నాలుగడుగుల దూరం. నీ ఇల్లు కూలుతుందని దుంగ పెట్టాడు." దుంగకీ శ్లాబుకీ మధ్య చెయ్యి ఉండిపోయింది. ఇల్లు కూలలేదు. అంచు ఒక మూర మేర విరిగిపడింది, అంతే.

మధ్యాహ్నం పెద్దాయన ఆసుపత్రికి వచ్చారు. అప్పుడు తెలిసింది ఆయనకి, నాన్న నాకు నాన్నని. మంచం పక్కన కూర్చుని, "ఆ గోడ జాకీలు లేకుండా ఎవరు దించమన్నారు?" అని అడిగారు. నాన్ననే అడిగారు. కానీ గదిలో అందరం విన్నాం. నేను, ఈయన, అమ్మ, బాబాయి.

లోపలికి వచ్చే ముందు వరండాలో ఈయన నాకొక మాట చెప్పారు. "హక్కు లేకుండా సంతకం పెట్టావని తెలిస్తే నీ ఉద్యోగం పోతుంది. నేను పక్కనే ఉన్నానని తెలిస్తే నాది కూడా. మీ నాన్నకి పోయేదేముంది? పోవాల్సింది పోయింది." గొంతు పెంచలేదు. భుజం మీద చెయ్యి వేసి చెప్పారు.

కాబట్టి నేను నోరు తెరవక ముందే ఈయన అందుకున్నారు. "ఆయనకి ప్లాన్ చదవడం రాదు సార్. మాదే పొరపాటు, ముందే కనుక్కోవాల్సింది."

నాన్న నన్ను చూశాడు. ఎంతసేపో తెలియదు.

"అవునండయ్యా" అన్నాడు. "కాగితం తిరగేసి పట్టుకున్నాను. మోసే గోడని అడ్డుగోడ అనుకుని దించేశాను. చదువు రానివాణ్ణి."

"అన్నా!" అన్నాడు బాబాయి. "నువ్వు కాగితం జేబులోంచి తీసిందెప్పుడు?"

"నువ్వూరుకోరా. కంకర దగ్గరున్నవాడివి, నీకేం తెలుసు?"

పెద్దాయన నా వైపు తిరిగారు. "అంతేనా అమ్మా?"

నేను తల ఊపాను. తల ఊపడం అంటే అవుననీ కావచ్చు, విన్నాననీ కావచ్చు.

ఏప్రిల్ 12, శుక్రవారం

ఆ కాగితం చింపేశాను. ముక్కలు కూడా పారేశాను.

ఏప్రిల్ 20, శనివారం

కొత్త మేస్త్రీ జాకీలు నిలబెట్టి, ఇనప దూలం ఎక్కించాడు. మూడు రోజులు పట్టింది. అంతే.

పాత గోడ ఒక పక్కన మూరెడు మిగిలింది. దాన్ని స్తంభంలా ఉంచేద్దామన్నారు ఈయన, చూడ్డానికి కూడా బాగుంటుందని. వాళ్ళు భోజనానికి వెళ్ళాక టేపు తీసి మందం కొలిచాను.

తొమ్మిది.

పాత ఇళ్ళ గోడలు ఏటా సున్నం పూతలు వేసి వేసి లావెక్కుతాయి. నలభై ఏళ్ళ పూతలంటే మాటలు కాదు.

ఏప్రిల్ 29, సోమవారం

పెద్దాయన ఇంటికి వచ్చి దూలం చూశారు. ప్లాన్ అడిగారు. దూలం ఉన్నట్టుగా కొత్తది గీసి ఉంచాను, అదే ఇచ్చాను. "ఆ రోజు చుక్కల గీత ఒక్కటే చూశాను, దూలం గమనించలేదు. మొదటే ఇలా గీశావన్నమాట. పాపం, ఆయనే తిరగేసి చూశాడు" అన్నారు. తలుపు దగ్గర ఆగి, నాన్న ఎలా ఉన్నారని అడిగారు. బాగున్నారన్నాను.

మే 6, సోమవారం

నాన్నని ఇంటికి తీసుకొచ్చారట. ఆఫీసు అయ్యాక వెళ్ళాను.

అమ్మ నాన్నకి తినిపిస్తోంది. నన్ను చూసి ముద్ద ఆపలేదు. "చొక్కా ఏదే?" అంది.

"ఏ చొక్కా?"

"ఆ రోజు వేసుకున్నది. సంచి నీకే కదా ఇచ్చింది ఆ నర్సు పిల్ల."

"రక్తం మరకలు పోవని పారేశానమ్మా."

"ముప్పై ఏళ్ళు ఆయన చొక్కాల మీది సిమెంటు పోగొట్టాను. మరకలు పోగొట్టడం నాకు చెబుతున్నావా?"

"పాత చొక్కాయేలేవే" అన్నాడు నాన్న. ఎడమచేత్తో గ్లాసు ఎత్తబోయి ఒలకబోసుకున్నాడు. నేను తుడవబోతే అమ్మ నా చేతిలోని గుడ్డ లాక్కుంది.

"నువ్వు కూర్చో అమ్మగారూ" అంది. నాన్న నవ్వులాటకి అన్నట్టుగా అనలేదు.

మే 17, శుక్రవారం

వచ్చింది! నాకే ఇచ్చారు. పక్క కుర్చీ అతను లేచి చెయ్యి కలిపాడు. పెద్దాయన అందరి ముందూ, "తండ్రికి అంత కష్టం వచ్చిన నెలలో కూడా ఒక్కరోజు పని ఆపలేదు ఈ అమ్మాయి" అన్నారు. చప్పట్లు కొట్టారు.

ఈయన స్వీట్లు పంచారు. మా ఇంట్లో మొదటిదాన్ని నేను. ఇది రాయడానికి ఎంతకాలంగా ఎదురుచూశానో. రాశాను.

మే 26, ఆదివారం

ఇల్లు పూర్తయింది. ఆఫీసు వాళ్ళని భోజనానికి పిలిచాం. తలుపు తియ్యగానే వెలుతురు కనిపిస్తుంది. అందరూ అదే మాట అన్నారు.

నాన్న వచ్చాడు. రావద్దని ఎవరూ అనలేదు. అమ్మ రాలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుడిచెయ్యి జేబులో పెట్టుకుని వచ్చాడు. భోజనం వద్దన్నాడు, తినే వచ్చానన్నాడు. అందరి ముందూ ఎడమచేత్తో తినడం ఇష్టం లేక అని నాకు తెలుసు. బలవంతం చెయ్యలేదు.

"మా మామగారు" అని ఈయన అందరికీ పరిచయం చేశారు. "ఈ ఇంట్లో అందరికన్నా ముందు చెయ్యి పెట్టింది ఈయనే." రెండు క్షణాలు ఎవరికీ ఎటు చూడాలో తెలియలేదు. ముందు నాన్నే నవ్వాడు. అప్పుడు అందరూ నవ్వారు. నేను కూరగిన్నె తీసుకురావడానికి వెళ్ళాను. కానీ ఇప్పుడు మధ్యలో గోడ లేదు కదా. అక్కడి నుంచి కూడా అన్నీ కనిపించాయి.

అందరూ వెళ్ళాక నాన్న మిగిలిన ఆ గోడ ముక్క దగ్గర నిలబడ్డాడు. ఎడమచెయ్యి బార్లా పరిచి మందం చూశాడు.

"ఎనిమిదిన్నరే వస్తోంది" అన్నాడు. "ఈ చెయ్యి ఇంకా నేర్చుకోవాలి."

నేను ప్లేట్లు సర్దుతున్నాను.

"పలకా."

నన్ను ఆ పేరుతో పిలిచి రెండు నెలలైంది.

"నా చొక్కా జేబులో కాగితం ఉండాలే. దొరికిందా?"

"ఏ కాగితం నాన్నా?"

"నువ్వు సంతకం పెట్టింది. మొదటి సంతకం కదా, దాచుకుందామనుకున్నాను. దాని మీద గొడవేం లేదు, ఎవరికీ చూపించను. ఊరికే ఉంచుకుంటా."

"ఆసుపత్రిలో పోయినట్టుంది" అన్నాను.

"పోనీలే. ఇంకోటి పెట్టివ్వు అయితే."

తెల్లకాగితం తెచ్చి సంతకం పెట్టాను. నాన్న దాన్ని తీసుకుని చూశాడు.

"దాని కింద గీత ఉండాలే" అన్నాడు. "ఇలా ఎడమ నుంచి కుడికి, చివర కొంచెం పైకి లేచి."

గీత గీసి ఇచ్చాను.

నాన్న కాగితాన్ని ఎడమచేత్తో పట్టుకుని దూరం పెట్టి చూశాడు. సంతకం కుడివైపు, కింది మూలన. సరిగ్గా ఎలా పట్టుకోవాలో అలాగే పట్టుకున్నాడు. నాన్న కాగితాన్ని తిరగేసి పట్టుకోవడం నేను పుట్టినప్పటి నుంచీ ఒక్కసారి కూడా చూడలేదు. అక్షరం రాకపోయినా ఏ మూల ఎటుండాలో తెలుసు.

మడత పెట్టబోయాడు. ఒంటిచేత్తో రాలేదు. ఛాతీకి ఆనించి ఒక మడత పెట్టాడు. రెండోది కుదరలేదు. అలాగే జేబులో దోపుకున్నాడు. సగం బయటికే ఉంది.

"నేను పెట్టనా?" అన్నాను.

"వద్దులే అమ్మగారూ" అన్నాడు. నవ్వలేదు.

ఆ పాత కాగితం ఈ డైరీలోనే ఉంది, ఏప్రిల్ పేజీల మధ్య. చింపానని ఎందుకు రాశానో తెలియదు. రేపు చింపేస్తాను.

మే 27, సోమవారం

ఆఫీసులో ఇవాళ నా మొదటి సంతకం. ఎవరిదో పాత ఇల్లు, రెండు గదులు కలపాలట. ఇంటాయన ఫోన్ చేసి, "వచ్చి ఒకసారి కొలుచుకుంటారా మేడం?" అన్నాడు. పాత ప్లాన్ నా దగ్గర ఉంది, రానక్కర్లేదన్నాను.

గీత బాగా కుదిరింది.